వేడి చేస్తే అణువులకి అసలు ఏమవుతుంది? పుస్తకంలో చెప్పింది సరిపోవట్లేదు

అరకొర_సైన్సు:

అందరికీ నమస్కారం. పరీక్షల గొడవేమీ లేదు, తీరిక దొరికింది కదా అని ఫిజిక్స్ మళ్ళీ మొదట్నుంచీ చదువుతున్నా. ఘన, ద్రవ, వాయు పదార్థాల పాఠం దగ్గర ఆగిపోయాను. ఏ పుస్తకం తీసినా ఒకటే మాట: వేడి చేస్తే అణువులు ఎక్కువగా కంపిస్తాయి, అందుకే దూరం జరుగుతాయి, అందుకే వస్తువు వ్యాకోచిస్తుంది, ఇంకా వేడి చేస్తే కరుగుతుంది, ఆపైన ఆవిరవుతుంది. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూసి ఆలోచిస్తే ఒక్కటీ నిలబడట్లేదు.

మొదటిది. ఘనపదార్థంలో అణువు తన చోటు వదలదు, అక్కడే ఉండి ఊగుతుంది అంటారు. సరే. ఊపు పెరిగితే అటు ఎంత పోతుందో ఇటూ అంతే వస్తుంది కదా, సగటున దాని చోటు మారకూడదు. మరి ఇనుప కడ్డీ పొడవు ఎందుకు పెరుగుతోంది? లేకపోతే అణువే ఉబ్బుతుందా?

రెండోది. ఐసు, నీళ్ళు కలిపి కింద మంట పెడితే ఐసంతా కరిగేదాకా థర్మామీటర్ సున్నా దాటి కదలదు. మంట మాత్రం మండుతూనే ఉంటుంది. ఆ వేడి ఎక్కడికి పోతోంది? "గుప్తోష్ణం" అని పేరు పెట్టి వదిలేశారు, పేరు పెడితే జవాబు అయిపోదు కదా.

మూడోది. గాలిలో అణువులు ఇప్పటికే విపరీతమైన వేగంతో పోతున్నాయట, ఇక వేడి చేసి కొత్తగా చేసేదేముంది? పైగా రాగి ఒకలా, ఇనుము ఇంకోలా వ్యాకోచిస్తుంటే వాయువులన్నీ మాత్రం దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయట. ఎందుకు?

సూత్రాలు తప్పదంటే రాయండి, మాటల్లో చెప్తే ఇంకా సంతోషం.

---

బాయిలర్_షిఫ్ట్:

అణువు ఉబ్బదండీ, ఆ అనుమానం ముందు తీసేయండి. వేడి చేస్తే అణువుల మధ్య దూరం పెరుగుతుంది, అణువు సైజు కాదు. అదీ ఎంత తక్కువంటే, ఇనుములో పక్కపక్కనే ఉన్న రెండు పరమాణువుల మధ్య దూరం సుమారు 0.25 నానోమీటర్లు, 100 డిగ్రీలు పెంచితే అందులో వెయ్యో వంతు కాస్త పైన పెరుగుతుంది, అంతే.

అంతేనా అనుకోవద్దు. నా పని ఆవిరి లైన్లతో కాబట్టి నాకు తెలిసిన లెక్క చెప్తా. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో 12 వంతులు పెరుగుతుంది. 100 మీటర్ల పైపు 30 డిగ్రీల దగ్గర బిగించి అందులోకి 180 డిగ్రీల ఆవిరి వదిలితే 18 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగుదలకి దారి ఇవ్వడానికే పెద్ద లైన్లలో మధ్యమధ్య పైపుని చతురస్రంలా వంచి లూప్ పెడతారు, చూసేవాళ్ళు పైపు ఎందుకు వృథా చేశారు అనుకుంటారు. రెండు చివర్లూ కదలకుండా బిగించేశారనుకోండి, వేడి 100 డిగ్రీలు పెరిగితేనే పైపు అడ్డుకోతలో ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా సుమారు 2.4 టన్నుల ఒత్తిడి పడుతుంది. మామూలు ఉక్కు అక్కడికే దాదాపు తన హద్దుకి వచ్చేస్తుంది, లైన్ వంగిపోతుంది లేదా సపోర్టు ఊడిపోతుంది.

ఇంకోటి, చాలామంది పొరపడేది. రంధ్రం ఉన్న ప్లేటుని వేడి చేస్తే లోహం లోపలికి పెరిగి రంధ్రం చిన్నదవుతుంది అనుకుంటారు. కాదు, రంధ్రం కూడా పెద్దదే అవుతుంది. రంధ్రం అంచు చుట్టూ ఉన్న పరమాణువుల వరుసని ఊహించుకోండి, ప్రతి జంట మధ్యా దూరం పెరగాలంటే ఆ వలయం మొత్తం పెద్దదవ్వాల్సిందే. బేరింగుని షాఫ్టు మీదకి ఎక్కించేది ఇలాగే. 100 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బేరింగుని 80 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే రంధ్రం దాదాపు 0.1 మిల్లీమీటర్ పెరుగుతుంది, షాఫ్టు మీదకి సాఫీగా జారుతుంది, చల్లారాక ఊడదీయడం ఎవరి తరమూ కాదు.

మీ మొదటి ప్రశ్నకి సింపుల్ జవాబు: ఊపు పెరిగితే ఎక్కువ చోటు కావాలి, అందుకే జరుగుతాయి.

---

లంబకోణం:

పైన పైపుల లెక్కలు బాగున్నాయి సార్, కానీ చివరి లైనుతో నేను ఒప్పుకోను. అడిగినవారి అభ్యంతరం సరిగ్గా అక్కడే ఉంది. "ఊపు పెరిగితే చోటు కావాలి" అనేది జవాబులా వినిపిస్తుంది గానీ, అటూ ఇటూ సమానంగా ఊగే పరమాణువు ఎంత ఊగినా దాని సగటు స్థానం మారదు. పరమాణువుల మధ్య బలాలు రెండు వైపులా ఒకేలా ఉండి ఉంటే ఈ ప్రపంచంలో ఘనపదార్థాలు వేడికి వ్యాకోచించేవే కావు. ఇది నా మాట కాదు, లెక్క వేస్తే కచ్చితంగా సున్నా వస్తుంది.

అసలు సంగతి ఏంటంటే ఆ బలాలు రెండు వైపులా ఒకేలా ఉండవు. రెండు పరమాణువుల్ని దగ్గరికి నొక్కితే వికర్షణ చాలా వేగంగా పెరిగిపోతుంది, ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిలోకి ఒకటి చొరబడటానికి ఒప్పుకోవు. అదే దూరం లాగితే ఆకర్షణ మెల్లగా వదులవుతూ పోతుంది. ఒక గుంత ఊహించుకోండి, దానికి ఒక పక్క నిట్టనిలువు గోడ, ఇంకో పక్క మెత్తటి వాలు. అందులో గోళీని కొద్దిగా ఊపితే అడుగు దగ్గరే తిరుగుతుంది. గట్టిగా ఊపితే గోడ వైపు పెద్దగా ఎక్కలేదు, వాలు వైపు మాత్రం బాగా దూరం పోయి వస్తుంది. ఇప్పుడు సగటున గోళీ ఎక్కడుంది? వాలు వైపుకి జరిగింది. వ్యాకోచం అంటే అదే. ఊగడం ఒక్కటే చాలదు, ఊపు ఒకవైపుకి ఒరగాలి.

దీన్నిబట్టి ఇంకో విషయం కూడా తేలుతుంది. బంధం ఎంత గట్టిగా ఉంటే గుంత అంత లోతు, అదే వేడికి గోళీ అంత తక్కువ ఒరుగుతుంది. అందుకే వేర్వేరు పదార్థాలకి వేర్వేరు అంకెలు. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల వంతుల్లో 23, రాగి 17, ఉక్కు 12, మామూలు గాజు 9 దగ్గర, ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు 3.3. వేడి నీళ్ళు పోస్తే మామూలు గాజు పగిలి బోరోసిలికేట్ నిలబడేది ఈ తేడా వల్లే, లోపలి పొర సాగి బయటి పొర సాగకపోతే గాజు తట్టుకోలేదు.

ఇనుములో 36 శాతం నికెల్ కలిపితే ఆ అంకె 1.2 దగ్గరికి పడిపోతుంది. ఇన్వార్ అనే ఈ మిశ్రలోహాన్ని గియోమ్ 1896లో కనిపెట్టాడు, కొలతల్లో కచ్చితత్వానికి ఇలాంటి మిశ్రలోహాలు అంత ఉపయోగపడ్డాయి కాబట్టి 1920లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. అక్కడ కిటుకు అయస్కాంతత్వం. వేడెక్కేకొద్దీ దాని అయస్కాంతత్వం తగ్గుతుంది, దాంతోపాటు ఘనపరిమాణం తగ్గాలని చూస్తుంది, అదే సమయంలో మామూలు వ్యాకోచం పెంచాలని చూస్తుంది, రెండూ ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి.

---

అరకొర_సైన్సు:

లంబకోణం గారూ, మొదటి ప్రశ్న తేలిపోయింది. ఈ ఒక్క బొమ్మ పుస్తకంలో వేసి ఉంటే సరిపోయేది. బాయిలర్_షిఫ్ట్ గారూ, రంధ్రం సంగతి నేనూ తిరగేసే అనుకునేవాణ్ణి, థాంక్స్.

ఇక ఐసు సంగతి ఎవరైనా చెప్పండి. వేడి ఇస్తున్నా అణువుల వేగం పెరగట్లేదంటే "వేడి అంటే అణువుల కదలిక" అన్న మాటే తప్పా?

---

రాత్రి_ల్యాబ్:

తప్పు కాదు, సగం మాట. ఉష్ణోగ్రతకి అణువుల కదలికతో, అంటే సగటు గతిజశక్తితో సంబంధం. మనం ఇచ్చే వేడి అంతా గతిజశక్తిగానే మారాలని రూలేమీ లేదు. కొంత అణువుల్ని కదిలించడానికి పోతుంది, కొంత వాటి మధ్య ఉన్న బంధాల్ని సాగదీయడానికో తెంపడానికో పోతుంది. రెండోది స్థితిజశక్తి, థర్మామీటర్‌కి అది కనపడదు.

ఇది కరిగేటప్పుడే కాదు, మామూలు ఘనపదార్థంలో ప్రతి డిగ్రీ దగ్గరా జరుగుతుంది. హీలియం, నియాన్ లాంటి ఒంటరి పరమాణువుల వాయువుని స్థిర ఘనపరిమాణంలో ఒక డిగ్రీ వేడి చేయడానికి మోల్‌కి 12.5 జౌళ్ళు చాలు (మోల్ అంటే ఏ పదార్థంలోనైనా ఒకే సంఖ్యలో ఉండే అణువుల లేదా పరమాణువుల కట్ట). రాగి, ఇనుము, అల్యూమినియం ఏది తీసుకున్నా మోల్‌కి సుమారు 25 జౌళ్ళు కావాలి. సరిగ్గా రెట్టింపు! కారణం, ఘనంలో పరమాణువు ఊగుతుంది కాబట్టి సగం శక్తి కదలికకి, సగం బంధాల సాగుదలకి పోతుంది. లోహాలకి ఈ అంకె ఒకేలా ఉంటుందని డ్యులాంగ్, పెటీ 1819లోనే గమనించారు, అప్పటికి పరమాణువులున్నాయని నమ్మనివాళ్ళు చాలామందే.

ఇప్పుడు ఐసు. సున్నా దగ్గర ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్ళు కావాలి. అదే గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకి తేవడానికి దాదాపు 420. ఆ తర్వాత మొత్తం ఆవిరి చేయడానికి 2257. ఒకే మంట మీద ఒకే వేగంతో వేడి పడుతోందనుకోండి, సున్నా నుంచి మరిగేదాకా 10 నిమిషాలు పడితే, అంతకుముందు ఐసు కరగడానికే 8 నిమిషాలు పట్టి ఉంటుంది, మరిగాక నీళ్ళన్నీ ఆవిరవడానికి ఇంకో 54 నిమిషాలు పడుతుంది. ఆ 8, ఆ 54 నిమిషాల్లో థర్మామీటర్ కదలదు. జోసెఫ్ బ్లాక్ అనే ఆయన 1760ల మొదట్లో ఈ విషయాన్ని కొలిచి చూపించాడు.

334 ఎక్కడ, 2257 ఎక్కడ? ఈ తేడా చూస్తే అణువుల స్థాయిలో ఏం జరుగుతోందో చెప్పేయొచ్చు. ఐసులో ప్రతి నీటి అణువూ చుట్టూ నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని ఒక పద్ధతిలో నిలబడి ఉంటుంది. కరిగినప్పుడు ఆ వరుస చెదురుతుంది, కానీ బంధాలన్నీ తెగిపోవు, నీటిలో కూడా ఒక్కో అణువుకి సగటున మూడుకి పైగానే ఉంటాయి, కాకపోతే సెకనులో లక్ష కోట్లో వంతు కాలంలోనే ఒకటి తెగి ఇంకోటి పడుతూ ఉంటుంది. అంటే కరగడం అంటే పక్కవాళ్ళని వదిలి పారిపోవడం కాదు, పక్కవాళ్ళని మార్చుకునే స్వేచ్ఛ రావడం. ఆవిరవడానికి మాత్రం ఉన్న బంధాలన్నీ వదలాలి. అందుకే దాదాపు ఏడు రెట్లు.

ఇక్కడే పాఠ్యపుస్తకాల బొమ్మల మీద నాకు కోపం. ఘనంలో చుక్కలు దగ్గరగా, ద్రవంలో కొంచెం దూరంగా, వాయువులో ఇంకొంచెం దూరంగా, మెట్లు ఎక్కినట్టు గీస్తారు. వాస్తవంలో ఘనం నుంచి ద్రవానికి వెళ్ళేటప్పుడు దూరం దాదాపు మారదు, చాలా లోహాలు కరిగితే ఘనపరిమాణం పెరిగేది కొన్ని శాతమే. నీటికైతే తగ్గుతుంది కూడా. ద్రవం నుంచి వాయువుకి మాత్రం ఒక్కసారిగా దూకుడు: ఒక గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది, అంటే సుమారు 1,600 రెట్లు. అణువుల మధ్య దూరం ప్రకారం చూస్తే పన్నెండు రెట్లు.

ఆ 2257 జౌళ్ళలో కూడా అంతా బంధాలకే పోదు. ఆవిరి పుట్టేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని వెనక్కి నెట్టి చోటు చేసుకోవాలి కదా, దానికే 170 జౌళ్ళ దాకా అవుతుంది.

---

బాయిలర్_షిఫ్ట్:

ఆవిరి తగిలితే అదే 100 డిగ్రీల నీళ్ళ కన్నా ఘోరంగా కాలేది ఇందుకే. ఒంటి మీద ఆవిరి నీరుగా మారుతూ ఆ 2257 జౌళ్ళనీ అక్కడే వదిలేస్తుంది, ఆ తర్వాత వేడి నీళ్ళు కాల్చడం ఎలాగూ ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. లీకయ్యే చోట ఆవిరి కళ్ళకి కనపడదు కూడా, తెల్లగా కనపడేది కాస్త దూరం పోయి చల్లబడిన నీటి తుంపరలు.

---

సందేహాల_పుట్ట:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. అన్నీ కరుగుతాయంటున్నారు. మరి కర్ర ఎందుకు కరగదు? ఎంత వేడి చేసినా బొగ్గవుతుంది గానీ ద్రవం కాదు. మైనమేమో మెల్లగా మెత్తబడి కరుగుతుంది, ఐసులా సరిగ్గా ఒక డిగ్రీ దగ్గర కాదు. కర్పూరం తెరిచి పెడితే కరగకుండానే మాయమైపోతుంది. ఇంకో మాట, ఇవన్నీ కళ్ళతో చూసినవాళ్ళు ఎవరు?

---

రాత్రి_ల్యాబ్:

కర్రలో ఉండేవి సెల్యులోజ్ లాంటి పొడవాటి గొలుసు అణువులు. ఒక గొలుసుకీ పక్క గొలుసుకీ మధ్య పట్లు లెక్కలేనన్ని. అవన్నీ వదిలి గొలుసులు జారడం మొదలయ్యేలోపే గొలుసు లోపలి బంధాలే తెగిపోతాయి. అంటే కరగడానికి కావలసిన వేడి కన్నా విరిగిపోవడానికి కావలసిన వేడి తక్కువ. గాలి తగలకుండా వేడి చేసినా కర్ర కరగదు, బొగ్గు, తారు, వాయువులుగా విడిపోతుంది.

మైనం ఒకే పదార్థం కాదు, రకరకాల పొడవున్న అణువుల మిశ్రమం, ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర వదులవుతుంది. గాజు సంగతి వేరు, అందులో అణువుల వరుసే క్రమంలో ఉండదు, ఒక చోట బంధం బలహీనం, ఇంకో చోట గట్టి, కాబట్టి ఎప్పుడు కరిగిందో వేలుపెట్టి చూపించలేం. కర్పూరం, అయోడిన్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ లాంటివాటిలో అణువుల మధ్య పట్టు తక్కువ, ఉపరితలం మీద ఉన్నవి ద్రవంగా మారే దశ లేకుండానే ఎగిరిపోతాయి. మామూలు వాతావరణ పీడనం దగ్గర కార్బన్ డయాక్సైడ్‌కి అది మైనస్ 78.5 డిగ్రీలు.

ఉప్పుకీ లోహాలకీ అయితే అసలు విడి అణువులే లేవు. ఉప్పులో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, ఇనుములో పరమాణువులు. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి, అయాన్ల మధ్య విద్యుత్ ఆకర్షణ అంత గట్టిది.

చూసినవాళ్ళ సంగతి: 1827లో రాబర్ట్ బ్రౌన్ మైక్రోస్కోప్ కింద నీళ్ళలో పుప్పొడి నుంచి వచ్చిన సన్నటి రేణువులు ఆగకుండా కదులుతుండటం చూశాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటే ఎంత దూరం జరగాలో 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు, కొన్నేళ్ళకి జాన్ పెరాన్ కొలిచి చూస్తే లెక్క సరిపోయింది. 1920లో ఒట్టో స్టెర్న్ ఆవిరి చేసిన వెండి పరమాణువుల వేగాన్ని నేరుగా కొలిచాడు. నమ్మకం మీద నడిచే కథ కాదిది.

---

నైట్రోజన్78:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను తీసుకుంటా, నాకు ఇష్టమైనది కూడా.

గది ఉష్ణోగ్రతలో నైట్రోజన్ అణువు సగటున సెకనుకి 470 మీటర్ల పైన పోతుంది. కానీ తిన్నగా ఎక్కడికీ పోదు, 70 నానోమీటర్లు కూడా వెళ్ళకముందే ఇంకోదాన్ని గుద్దుకుంటుంది, సెకనుకి 700 కోట్ల సార్లు. 1858లో ఒకాయన సరిగ్గా మీలాగే అడిగాడు, అణువులు అంత వేగంగా పోతుంటే గదిలో ఒక మూల వాసన ఇంకో మూలకి రావడానికి అంతసేపు ఎందుకు అని. దానికి క్లాసియస్ ఇచ్చిన జవాబే ఈ ఢీకొనడాల లెక్క. అడిగినాయన పేరు బైస్ బాలట్, మంచి ప్రశ్న అడిగినవాళ్ళని ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి చెప్తున్నా.

వేడి చేస్తే వేగం పెరుగుతుంది, కానీ అనుకున్నంత కాదు. వేగం పరమ ఉష్ణోగ్రత (మామూలు డిగ్రీలకి 273 కలిపితే వచ్చే కెల్విన్ అంకె) వర్గమూలంతో పాటు పెరుగుతుంది. 27 డిగ్రీలు అంటే 300 కెల్విన్, 127 అంటే 400. ఆ వంద డిగ్రీలకీ వేగం పెరిగేది 15 శాతమే. రెట్టింపు కావాలంటే 1200 కెల్విన్, అంటే 927 డిగ్రీలకి పోవాలి. మూసిన సిలిండర్‌లో పీడనం మాత్రం ఆ వంద డిగ్రీలకే మూడో వంతు పెరుగుతుంది. ఎందుకంటే గోడని గుద్దే దెబ్బ బలం 15 శాతం పెరిగింది, ఎన్నిసార్లు గుద్దుతుందన్నది కూడా 15 శాతం పెరిగింది, రెండూ గుణిస్తే 1.33. మూత కదిలేదైతే పీడనం పెరగదు, ఆ దెబ్బలకి మూత పైకి జరిగి ఘనపరిమాణం అంతే మేర పెరుగుతుంది.

ఇప్పుడు, అన్ని వాయువులూ ఒకేలా ఎందుకు? లంబకోణం గారు చెప్పిన గుంత వాయువులో లేదు. ఘనంలో ఎంత సాగాలో నిర్ణయించేది బంధం, బంధం ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది. వాయువులో అణువులు తమ సైజుకి పది రెట్ల దూరంలో ఉంటాయి, ఢీకొన్న క్షణం తప్పితే ఒకదానితో ఒకదానికి దాదాపు పని లేదు. అప్పుడు మిగిలేది గతిజశక్తి ఒక్కటే, అది ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఏ అణువుకైనా సగటున ఒక్కటే. 27 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ వేగం సెకనుకి సుమారు 1.9 కిలోమీటర్లు, దానికి 16 రెట్లు బరువున్న ఆక్సిజన్ వేగం అందులో సరిగ్గా నాలుగో వంతు. తేలికది వేగంగా, బరువైనది నెమ్మదిగా, గోడ మీద ఒత్తిడి మాత్రం సమానం. అందుకే గే-లుసాక్ 1802లో చూసినట్టు ఏ వాయువైనా సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఘనపరిమాణంలో డిగ్రీకి సుమారు 273వ వంతు పెరుగుతుంది. బాగా నొక్కినా బాగా చల్లబరిచినా అణువులు మళ్ళీ దగ్గరై ఆకర్షణ పని చేస్తుంది, అప్పుడు ఈ సమానత్వం చెడుతుంది.

ఇదంతా నిజమేనా అని పట్టుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష స్నిగ్ధత, అంటే ద్రవమో వాయువో పారకుండా అడ్డుకునే చిక్కదనం. ద్రవాన్ని వేడి చేస్తే పల్చబడుతుంది. 20 డిగ్రీల నీటితో పోలిస్తే 80 డిగ్రీల నీటి స్నిగ్ధత దాదాపు మూడో వంతు, నూనెల్లో ఇంకా ఎక్కువ తేడా. వాయువుని వేడి చేస్తే తిరగబడుతుంది, స్నిగ్ధత పెరుగుతుంది! ద్రవంలో ఒక పొర ఇంకో పొర మీద జారకుండా ఆపేది అణువుల మధ్య పట్టు, వేడి ఆ పట్టుని సడలిస్తుంది. వాయువులో పట్టే లేదు, అక్కడ వేగంగా పోయే పొర నుంచి నెమ్మదిగా పోయే పొరలోకి అణువులు దూకి తమ వేగాన్ని పంచడమే రాపిడి, వేడెక్కితే ఆ దూకుడు ఎక్కువవుతుంది.

---

సందేహాల_పుట్ట:

నీళ్ళు మాత్రం మీ రూలు పాటించవు కదా. సున్నా నుంచి 4 డిగ్రీల దాకా వేడి చేస్తే కుంచించుకుపోతాయి.

---

లంబకోణం:

పాటించవు. ఐసు నిర్మాణంలో నాలుగు బంధాల పద్ధతి వల్ల మధ్యలో చాలా ఖాళీ ఉంటుంది, అందుకే ఐసు సాంద్రత 0.917, నీటి మీద తేలుతుంది. కరిగాక కూడా ఆ ఖాళీ అమరిక తునకలు నీటిలో మిగిలే ఉంటాయి. వేడి చేసేకొద్దీ అవి కూలి అణువులు ఖాళీల్లోకి సర్దుకుంటాయి, మరోవైపు మామూలు వ్యాకోచం నడుస్తూనే ఉంటుంది. 4 డిగ్రీల దాకా మొదటిది గెలుస్తుంది, ఆ తర్వాత రెండోది.

నీళ్ళు ఒక్కటే కాదు. రబ్బరు బ్యాండుకి బరువు వేలాడదీసి వేడి గాలి తగిలించండి, బరువు పైకి లేస్తుంది. లాగిన రబ్బరులో గొలుసులు తిన్నగా సాగి ఉంటాయి, వేడెక్కితే అవి చిందరవందరగా ముడుచుకోవడానికే మొగ్గు చూపుతాయి. జిర్కోనియం టంగ్‌స్టేట్ అనే పదార్థమైతే పరమశూన్యం (0 కెల్విన్) దగ్గర నుంచి 1,000 కెల్విన్ దాటేదాకా వేడి చేసేకొద్దీ అన్ని దిక్కుల్లోనూ కుంచించుకుంటుంది. అందులో పరమాణువులు బంధం పొడవునా కాకుండా బంధానికి అడ్డంగా ఎక్కువ ఊగుతాయి, అలా ఊగితే రెండు చివర్లూ దగ్గరికి వస్తాయి.

---

అరకొర_సైన్సు:

అద్భుతం. ఒక్కటే మిగిలింది, ఇదంతా వెనక్కి నడిపిస్తే? చల్లబరుస్తూ పోతే ఏదో ఒక చోట అన్నీ ఘనమై కదలిక మొత్తం ఆగిపోవాలి కదా, మైనస్ 273.15 దగ్గర?

---

రాత్రి_ల్యాబ్:

ఆగదు. క్వాంటమ్ నియమాల ప్రకారం పరమాణువు ఒకే చోట పూర్తిగా నిశ్చలంగా ఉండటం కుదరదు, కొద్దిపాటి ఊపు ఎప్పటికీ మిగులుతుంది. చాలా పదార్థాల్లో అది లెక్కలోకి రానంత తక్కువ. హీలియం మాత్రం తేలిక, దాని పరమాణువుల మధ్య ఆకర్షణ మరీ బలహీనం, ఆ మిగిలిన ఊపే దాన్ని గడ్డకట్టనివ్వదు. మామూలు పీడనం దగ్గర 4.2 కెల్విన్‌లో ద్రవమైన హీలియం ఇంకెంత చల్లబరిచినా ద్రవంగానే ఉంటుంది. ఘనం చేయాలంటే చల్లదనం చాలదు, 25 వాతావరణాల పీడనంతో నొక్కాలి.